తల ఆరడానికి రెండు గంటలు



జులైలో మా ఏడో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో ఒక చిన్న కంపోజిషన్ ఇచ్చాను. టాపిక్ ‘మై సండే’. పది పదిహేను వాక్యాలు, సింపుల్ ప్రెజెంట్ టెన్స్‌లో, టైము వేసి రాయాలి. నేను ఆరు గంటలకు లేస్తాను, ఎనిమిది గంటలకు టిఫిన్ చేస్తాను, ఇలా. గ్రామర్ చూద్దామని ఇచ్చిన ఎక్సర్‌సైజ్ అది. నోటుపుస్తకాలు దిద్దుతుంటే గ్రామర్ కన్నా ముందు వేరే సంగతి కంటపడింది. ఆడపిల్లల్లో చాలామంది ఆదివారం ఒకేలా ముగిసింది. పొద్దున ఫౌండేషన్ క్లాసు, మధ్యాహ్నం హోంవర్కు, సాయంత్రం సోమవారం టెస్టుకు రివిజన్, రాత్రి తొమ్మిదికి తలస్నానం, తొమ్మిదిన్నరకు నిద్ర.

నడుము దాకా జుట్టున్న పిల్లకు అరగంటలో తల ఆరదు. ఫ్యాను కింద కూర్చున్నా ఆరదు. వానాకాలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న మా విజయవాడలో, గాలిలోనే బోలెడు తేమ ఉంటుంది. రెండు గంటలు గడిచినా మెడ వెనక జుట్టు, లోపలి పాయలు పచ్చిగానే ఉంటాయి. అంటే ఈ పిల్లలందరూ ప్రతి ఆదివారం తడి తలతోనే పడుకుంటున్నారు. చాలామంది దాన్ని జడ కూడా వేసుకుని పడుకుంటున్నారు, పొద్దున బస్సు టైముకి చిక్కులు తీసే తీరిక ఉండదు కాబట్టి.

ఇందులో తప్పు ఎవరిదీ కాదు. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు, పిల్లలకు టైమ్‌టేబుల్ నిండుగా ఉంది, మిగిలింది ఆ రాత్రి గంటే. కానీ ఆ గంట సోమవారం పొద్దున క్లాసులో ఎలా కనిపిస్తుందో మీకు తెలిసే అవకాశం లేదు. నాకు తెలుసు, సోమవారం మొదటి పీరియడ్ నాదే.

సోమవారం మొదటి పీరియడ్

నేవీ బ్లూ యూనిఫాం మీద చుండ్రు బాగా కనిపిస్తుంది. తల దురద పెడుతుంటే పిల్లలు పెన్ను వెనక భాగంతో గోక్కుంటారు, ఎవరూ చూడలేదనుకుంటారు. బిగించి వేసిన రెండు జడలను విప్పి చూస్తే లోపల ఇంకా చెమ్మే. ఆ చెమ్మకు ఒక వాసన ఉంటుంది. వానాకాలంలో ఆరీ ఆరని బట్టలు మడతపెట్టేస్తే వచ్చే ముక్కవాసన లాంటిది.

ఒక అమ్మాయి గురించి చెబుతాను. పేరు, సెక్షన్ రాయను. వాళ్ళమ్మగారిని అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. చక్కగా చదివే పిల్ల. ఇంగ్లీషు పాఠం పైకి చదవమంటే ముందు చెయ్యెత్తేది. జుట్టు నడుము దాటి ఉంటుంది, ఒత్తుగా. రెండు జడలూ మడిచి రిబ్బన్లతో కట్టినా భుజాల మీద బరువుగా వేలాడతాయి. ఆగస్టు వచ్చేసరికి ఆ పిల్ల చెయ్యెత్తడం మానేసింది. ఒక సోమవారం వచ్చి చూస్తే చివరి బెంచీలో ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన కూర్చునే స్నేహితురాలు వేరే బెంచీకి మారింది. ఎందుకమ్మా అని అడిగితే ఆ స్నేహితురాలు ఏమీ చెప్పలేదు. వెనక నుంచి ఇంకెవరో అన్నారు, “వాసనొస్తోందంట మేడమ్.”

క్లాసంతా నవ్వలేదు. అది కొంత నయం. కానీ ఆ అమ్మాయి తల పుస్తకంలోకి వంగిపోయింది, ఆ పీరియడంతా మళ్ళీ లేవలేదు.

తర్వాతి పీటీఎంకి వాళ్ళమ్మగారు వచ్చారు. బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ ఆమెది. ఆదివారాలే షాపులో జనం ఎక్కువ, అందుకని సెలవు మంగళవారం ఇస్తారు. ఆదివారం ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. వచ్చాక కూతురికి తలంటి పోస్తారు. “మంగళవారం పోద్దామంటే మా అత్తగారు ఒప్పుకోరు మేడమ్, మంగళవారం తలంటుకోకూడదంటారు. ఈ జుట్టు కత్తిరించేస్తే గొడవ వదిలిపోతుంది. మీరొక్క మాట చెప్పండి, మీ మాటైతే ఇంట్లో వింటారు,” అన్నారు. పక్కన నిలబడ్డ అమ్మాయి నేలకేసి చూస్తోంది. అవునని అనలేదు, వద్దని అనలేదు.

ఒక పిల్ల జుట్టు కత్తిరించాలా వద్దా అన్నది నేను ఒక్క మాటలో తేల్చే విషయం కాదు. ఒక వారం టైమివ్వండి, ఇద్దరం కలిసి ఆలోచిద్దాం అని చెప్పాను. నాకూ పొడుగు జుట్టే. బీఈడీ చదివేటప్పుడు నేనున్న హాస్టల్లో నీళ్ళు సాయంత్రం ఏడు దాటాకే వచ్చేవి. రూములో నలుగురం, నలుగురికీ రాత్రి తలస్నానాలే. పొద్దున దువ్వెనలకు చుట్టుకున్న వెంట్రుకల ఉండలు ఎవరిది ఎంత ఉందో పోల్చుకునేవాళ్ళం. కాబట్టి విషయం కొంత అనుభవంలో ఉన్నదే. మిగతాది చదివి, మా బ్రాంచి బయాలజీ మేడమ్‌తో కూర్చుని సరిచూసుకున్నాను. ఆ అమ్మగారికి చెప్పినదే మీ అందరికీ చెబుతున్నాను.

రాత్రంతా తడిగా ఉంటే ఏమవుతుంది

వెంట్రుక పైపొరను పెద్దగా చేసి చూస్తే పెంకుటింటి కప్పులా ఉంటుంది. సన్నటి పొలుసులు ఒకదాని మీద ఒకటి, వేరు వైపు నుంచి కొస వైపుకి పేర్చి ఉంటాయి. లోపల కెరటిన్ అనే ప్రొటీన్ పోగులు. ఆ పోగులను పట్టి ఉంచే బంధాల్లో ఒక రకం, హైడ్రోజన్ బంధాలు, నీళ్ళు తగలగానే విడిపోతాయి. ఆరాక మళ్ళీ కలుస్తాయి. తడి జడతో పడుకున్న పిల్ల జడ పొద్దున విప్పితే జుట్టు వంకీలు వంకీలుగా ఉండటం మీరు చూసే ఉంటారు. తడిలో విడిపోయిన బంధాలు, జడలో ఎలా మెలిపడి ఉన్నాయో అలాగే ఆరిపోయి బిగుసుకోవడం వల్లే ఆ వంకీలు.

నీళ్ళు పీల్చుకున్న వెంట్రుక ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, లాగితే ఎక్కువ సాగుతుంది. పైన పొలుసులు కొంచెం లేస్తాయి. ఆ స్థితిలో పిల్ల దిండు మీద తల అటూ ఇటూ తిప్పుతుంది. జడ భుజం కింద పడి నలుగుతుంది, పక్కకు దొర్లితే లాగుకుంటుంది. ఎండు వెంట్రుక తట్టుకునే ఒత్తిడిని తడి వెంట్రుక అంతగా తట్టుకోలేదు. లేచిన పొలుసులు దిండు గుడ్డకు రాసుకుని అరుగుతాయి, పక్క వెంట్రుకలకు చిక్కుకుంటాయి. పొద్దున చిక్కులు ఎక్కువగా ఉండటం ఇందుకే. ఆ చిక్కులను బస్సు హారన్ వినిపించే తొందరలో లాగి దువ్వితే తెగుతాయి.

ఇక్కడ పొడుగు జుట్టుకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఏడాదికి పన్నెండు సెంటీమీటర్లు అనుకుందాం. డెబ్బై సెంటీమీటర్ల జడ ఉన్న ఏడో తరగతి అమ్మాయి జడ కొస, ఆ పిల్ల ఒకటో తరగతిలో ఉండగా తలలోంచి వచ్చినది. ఆరేళ్ళ నుంచి ఎండ, దువ్వెన, షాంపూ, రిబ్బను ముడి అన్నీ చూసిన కొస అది. వెంట్రుకలో ప్రాణం ఉండదు, గాయమైతే చర్మంలా మానదు. అరిగిన చోట అరిగినట్టే ఉంటుంది. భుజాల దాకా కత్తిరించుకున్న జుట్టులో ఈ పాత భాగం ఉండదు, పైగా అది త్వరగా ఆరుతుంది. అందుకే ఒకే రాత్రి, ఒకే తడి, ఇద్దరు పిల్లల మీద ఒకేలా పనిచెయ్యదు.

రెండో సంగతి తలచర్మానిది. చుండ్రుకు కారణమైన మలసేజియా అనే ఈస్ట్ దాదాపు అందరి తల మీదా ఉంటుంది. తలలో ఊరే నూనె దాని ఆహారం. వెచ్చదనం, తేమ, నూనె ఒకే చోట గంటల తరబడి నిలిస్తే దానికి అనుకూలమే. తడి తలను బిగించి జడ వేసి, దిండు మీద పెట్టి, ఎనిమిది గంటలు గాలి తగలకుండా ఉంచితే మనమే ఆ ఏర్పాటు చేసినట్టు. వాసన కూడా అక్కడి నుంచే. ఆ అమ్మాయి శుభ్రంగా ఉండకపోవడం వల్ల వచ్చింది కాదది. వారం వారం తలస్నానం చేసే పిల్ల. ఆరనివ్వకపోవడం వల్ల వచ్చింది.

ఇంకొకటి. తడి జుట్టును అలాగే ముడివేసి ఉంచే అలవాటున్న వాళ్ళలో అరుదుగా వెంట్రుకల పొడవునా చిన్న తెల్లటి గుళికల్లాంటివి కనిపిస్తాయి. వైట్ పియెడ్రా అనే ఫంగస్ అది. చాలామంది ఈపులు అనుకుని పేలమందు పెడుతుంటారు. ఈపి వెంట్రుకకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఈ గుళికలు మెత్తగా ఉండి, వేళ్ళతో జారిస్తే సులువుగా ఊడివస్తాయి. అనుమానంగా ఉంటే చర్మవ్యాధుల డాక్టరుకి చూపించండి.

దీనివల్ల రానివి

పెద్దవాళ్ళు “తడి తలతో పడుకుంటే తలలో నీరు దిగుతుంది, పడిశం పడుతుంది” అంటారు. తలచర్మం మీదుగా నీళ్ళు లోపలికి దిగవు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, వైరస్ మనుషుల నుంచి మనుషులకు వస్తుంది. తడి తల దాన్ని పుట్టించదు. అయితే అమ్మమ్మ మాట కొట్టిపారేయక్కర్లేదు. తడి తలకు ఫ్యాను గాలో ఏసీ గాలో తగులుతుంటే చలి పుడుతుంది, నిద్ర చెడుతుంది. నిద్ర చాలని పిల్ల సోమవారం టెస్టులో ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆరాకే పడుకోవాలన్న అమ్మమ్మ నియమం సరైనదే.

పేలు కూడా తడి వల్ల పుట్టవు. తలకు తల ఆనితే ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. శుభ్రంగా ఉన్న తలలోకీ పాకుతాయి. కాబట్టి పేలున్న పిల్లను మురికి పిల్ల అని ఇంట్లో అనుకోవద్దు, మీ పిల్లల చేత అననివ్వొద్దు.

జుట్టు ఊడటం గురించి చాలామంది అమ్మలు అడుగుతుంటారు. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. దువ్వెనలో వచ్చిన వెంట్రుకను వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక చివర చిన్న తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. బుడిపె లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగింది. తడి తలతో పడుకోవడం ప్రధానంగా ఈ రెండో రకానికి కారణం. కుదురు నుంచి గుప్పెళ్ళకొద్దీ ఊడుతుంటే కారణం వేరే చోట వెతకాలి. రక్తహీనత కావచ్చు. డెంగీ, టైఫాయిడ్ లాంటి పెద్ద జ్వరం వచ్చి తగ్గాక రెండు మూడు నెలలకు కూడా అలా రాలుతుంది. నుదుటి అంచున, చెవుల పైన పలచబడుతుంటే జడలు మరీ బిగించి వేస్తున్నారేమో చూసుకోండి. ఆ సందర్భాల్లో నూనెలు మార్చుకుంటూ కూర్చోవడం కన్నా డాక్టరుకి చూపించడం మంచిది.

ఎవరి చేతిలో ఎంత టైముంది

వారం తర్వాత ఆ అమ్మాయి అమ్మానాన్నలిద్దరూ వచ్చారు, వెంట నాయనమ్మగారు కూడా. ఇదంతా చెప్పాక ఒక కాగితం మీద ఆ ఇంటి ఆదివారం రాసుకున్నాం, పిల్లలు రాసినట్టే, టైములు వేసి. ఫౌండేషన్ క్లాసు అయ్యి అమ్మాయి ఇంటికి వచ్చేది పన్నెండుకి. మధ్యాహ్నం మూడు దాకా హోంవర్కు. నాన్నగారికి ఆదివారం సెలవు. నాయనమ్మగారు రోజంతా ఇంట్లోనే ఉంటారు, కానీ భుజం నొప్పి, చేతులు పైకెత్తలేరు.

“పన్నెండున్నరకు తలంటుకుంటే మూడింటికి ఆరిపోతుంది కదండీ,” అన్నాను.

“హోంవర్కో?” అన్నారు అమ్మగారు.

తల ఆరడానికి పిల్ల చెయ్యాల్సిన పని ఏమీ లేదు. బాల్కనీలో కుర్చీ వేసుకుని, జుట్టు కుర్చీ వెనక్కి వదులుగా పరుచుకుని కూర్చోవాలి, అంతే. చేతులు ఖాళీ, కళ్ళు ఖాళీ. మన పిల్లల టైమ్‌టేబుల్లో కదలకుండా కూర్చుని చదవడానికి ఇంతకన్నా మంచి రెండు గంటలు నాకు కనిపించలేదు. చదువు టైము పోతుందన్న భయం ఉన్న అమ్మానాన్నలందరికీ ఇదే నా మాట.

తలంటు ఎవరు పొయ్యాలన్న ప్రశ్న వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల తనంతట తాను పోసుకోగలదు. కష్టమల్లా తర్వాత చిక్కు తీయడమే. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నాన్నగారు, “మా అమ్మ పక్కన కూర్చుని చెబితే నేను తీస్తాను మేడమ్, నాకూ వచ్చేస్తుంది,” అన్నారు. అమ్మాయి ఆ రోజు మొదటిసారి తలెత్తి చూసింది. వాళ్ళ నాన్న వైపు.

ఆమెను విడిగా అడిగాను, కత్తిరించుకోవాలని ఉందా అని. “జుట్టు గురించి కాదు మేడమ్. తను బెంచీ మారింది కదా, అదీ,” అంది. తర్వాత కాసేపాగి, “కింద కొంచెం కత్తిరిస్తే బాగుంటుంది, మొత్తం వద్దు,” అని తనే చెప్పింది. చీలిపోయిన కొసలు నాలుగు అంగుళాలు కత్తిరించారు. అంతకన్నా పొట్టిగా కావాలని ఆ పిల్ల అనుంటే అదీ సరైన నిర్ణయమే అయ్యేది. కబడ్డీ ఆడే పిల్లలు, ఈతకు వెళ్ళే పిల్లలు కొందరు తామే అడిగి పొట్టి జుట్టు పెట్టించుకుంటారు. కొందరికి పొడుగు జడంటే ప్రాణం. నా విన్నపం ఒక్కటే. జుట్టు ఉంచాలన్నా, తీసేయాలన్నా ఆ తల ఎవరిదో వాళ్ళను అడగండి. పెద్దవాళ్ళ తీరిక లేకపోవడానికి శిక్షగా కత్తెర పడిందని పిల్ల అనుకోకూడదు.

పగలు పోసుకునే వీలుంటే

ఇంట్లో పాటించదగ్గ కొన్ని విషయాలు చెబుతాను, అన్నీ చిన్నవే.

తలస్నానానికి ముందు జుట్టుకు కొబ్బరినూనె రాయడం మన ఇళ్ళల్లో పాత అలవాటు. దానికి ఆధారం ఉంది. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూస్తే, వెంట్రుక నుంచి ప్రొటీన్ పోకుండా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. నూనె జుట్టు పొడవుకు, కొసలకు రాయండి. చుండ్రు ఉన్న పిల్లలకు తలచర్మం మీద నూనె పెట్టి రాత్రంతా వదిలేయకండి, మలసేజియాకు భోజనం పెట్టినట్టవుతుంది. చుండ్రు తగ్గకపోతే డాక్టరు చెప్పిన మందు షాంపూ వాడండి.

తల తుడిచేటప్పుడు గరుకు టవలుతో రుద్దకండి. తాతగారి పాత నూలు పంచె ముక్కో, మెత్తబడిన కాటన్ టీషర్టో తీసుకుని, పాయలు పాయలుగా పట్టుకుని నొక్కి నీరు తీయండి. పదిహేను నిమిషాలు గుడ్డ చుట్టి ఉంచి తీసేయండి, గంటల తరబడి ఉంచొద్దు. సగం ఆరాక వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రండి. పై నుంచి కిందికి లాగితే చిక్కులన్నీ కొసల్లో గట్టి ముడి పడతాయి.

సాంబ్రాణి పొగ వేసే ఇళ్ళల్లో తల త్వరగా ఆరుతుంది, నిప్పుల వేడి గాలి వల్ల. తలుపులన్నీ మూసిన గదిలో మాత్రం నిప్పులు పెట్టొద్దు, ఆ గాలి ప్రమాదం. ఆస్తమా ఉన్న పిల్లల దగ్గర అసలే వద్దు.

రాత్రి తప్పకపోతే

అందరి ఇళ్ళల్లో పగలు కుదరదని నాకు తెలుసు. రాత్రే అయితే, పడుకోవడానికి కనీసం రెండు గంటల ముందు, అంటే ఏడున్నరకల్లా స్నానం అయ్యేలా చూడండి. అది కూడా కుదరని రోజు తల తడపకుండా ఒంటికి స్నానం చేయించి, తలస్నానం ఇంకో రోజుకు వాయిదా వెయ్యండి. ఒక రోజు ఆలస్యమైతే నష్టం లేదు.

హెయిర్ డ్రయ్యర్ అంటే చాలామందికి భయం. 2011లో కొరియాలో వచ్చిన ఒక పరిశోధనలో, డ్రయ్యర్‌ను పదిహేను సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒకే చోట ఆపకుండా కదుపుతూ ఆరబెడితే, జుట్టును చాలాసేపు తడిగా వదిలేసి దానంతట అదే ఆరనిచ్చిన దానికన్నా మొత్తం మీద నష్టం తక్కువని తేలింది. వేడి పైపొరను కొంత దెబ్బతీస్తుంది, నిజమే. కానీ ఎక్కువసేపు నీళ్ళలో ఉబ్బి ఉండటం లోపలి పొరలకు చెరుపు. పిల్లల బాక్సులో ఉండే స్కేలు పదిహేను సెంటీమీటర్లు, అంత దూరం అని గుర్తుపెట్టుకోండి. తక్కువ వేడి మీద పెట్టి, ముందు కుదుళ్ళు ఆరబెట్టండి. తడి చేతులతో స్విచ్చు ముట్టుకోనివ్వకండి, బాత్‌రూములో వాడనివ్వకండి.

కొంచెం చెమ్మ మిగిలితే బిగించి జడ వెయ్యకుండా, జుట్టు దిండు మీదుగా పైకి పరుచుకుని పడుకోమనండి. లేదా బాగా వదులుగా ఒకే జడ, కొసకు రబ్బరు బ్యాండు కాకుండా మెత్తని గుడ్డ. దిండు గలీబు వారానికి ఒకసారైనా ఉతికి ఎండలో వెయ్యండి.

స్కార్ఫ్ కట్టుకుని వచ్చే అమ్మాయిలకూ, జుట్టు ముడివేసి పట్కా కట్టుకునే సిక్కు అబ్బాయిలకూ ఇది మరీ ముఖ్యం. గుడ్డ కింద చెమ్మ రోజంతా నిలిచిపోతుంది. తల పూర్తిగా ఆరాకే కట్టుకోమనండి.

స్కూలు వైపు నుంచి

ఇంటి వాళ్ళకే అన్నీ చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. ఆదివారం రాత్రి తలస్నానానికి మేమిచ్చే సోమవారం టెస్టు కూడా ఒక కారణమే. మా ప్రిన్సిపాల్ మేడమ్‌తో మాట్లాడాను. మా బ్రాంచిలో ఇప్పుడు సోమవారాలు తల ఆరని పిల్లలు రెండు జడలు మడిచి కట్టకుండా వదులుగా ఒకే జడతో రావచ్చు. డైరీలో ఒక్క మాట రాసి పంపితే చాలు. మా క్లాసులో బెంచీలు కూడా ఇప్పుడు ప్రతి రెండు వారాలకూ అందరికీ మారుతున్నాయి. ఎవరూ ఎవరి దగ్గర నుంచీ లేచి వెళ్ళాల్సిన అవసరం లేకుండా, మార్పు అందరిదీ అయింది.

ఆ అమ్మాయికి వాసన మొదటి సోమవారం నుంచే లేదు. చుండ్రు తగ్గడానికి డాక్టరు ఇచ్చిన షాంపూతో నెల పైనే పట్టింది. స్నేహితురాలు వెంటనే తిరిగి రాలేదు, పిల్లల మధ్య అలాంటివి అంత తొందరగా సర్దుకోవు. దసరా సెలవులకు ముందు వారం ఇద్దరికీ ఒకే బెంచీ పడింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు కానీ, ఆ వారం పాఠం పైకి చదవడానికి ఆ పిల్ల చెయ్యెత్తింది. కంపోజిషన్ మళ్ళీ రాయించినప్పుడు ఆమె ఆదివారంలో ఒక కొత్త వాక్యం ఉంది, మధ్యాహ్నం ఒంటి గంటకు నాన్న తన జుట్టు దువ్వుతారని. ‘కోంబ్స్’లో చివరి ఎస్ మరిచిపోయింది. ఎర్ర పెన్నుతో అది చేర్చాను.

కార్తీకం వస్తోంది, పొద్దున్నే చల్లగా ఉంటుంది, తలలు ఇంకా ఆలస్యంగా ఆరతాయి. ఈ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని మీ అమ్మాయి టైమ్‌టేబుల్లో ఆ రెండు గంటలు ఎక్కడ దొరుకుతాయో చూడండి. ఎక్కడా దొరకకపోతే డైరీలో నాకు రాయండి, ఫోన్ చేసి మాట్లాడతాను.